ఏడు క్యాన్లు చాలు

నవంబరు రెండో వారంలో, మధ్యాహ్నం రెండింటికి పోస్టు చేరాం. ఎత్తు పదహారు వేల అడుగులు. ఒక రాతి గట్టు, దాని వెనక రెండు బంకర్లు, ముందు హెలికాప్టర్ దిగడానికి చదును చేసిన జాగా. మేం పన్నెండు మందిమి. నేను హవల్దార్ని. స్టోరు నా చేతిలో ఉండేది. కిరసనాయిలు, రేషను, బ్యాటరీలు, మందులు, అన్నిటికీ నేనే జవాబుదారీ.

ఆ ఎత్తులో నీళ్లుండవు, మంచే ఉంటుంది. పొద్దున్న ఐదింటికి స్టవ్ వెలిగించి మంచు కరిగించడం మొదలుపెడితే, పన్నెండు మందికీ సరిపడా నీళ్లయ్యేసరికి తొమ్మిది దాటేది. అంటే అక్కడ కిరసనాయిలు ఉంటేనే నీళ్లు. ఇరవై లీటర్ల క్యాన్లు వారానికి పది వచ్చేవి.

మా రేడియో ఆపరేటర్ది మా పక్క ఊరే. నాది వజ్రపుకొత్తూరు దగ్గర కొబ్బరి తోటల ఊరు. వాడిది రెండు మైళ్లవతల సముద్రం ఒడ్డు, వేటకెళ్లే కుటుంబం. నన్ను మావా అనేవాడు, నేను అల్లుడూ అనేవాణ్ణి. నిజానికి చుట్టరికం ఏమీ లేదు. అంత మందిలో మన మాట తెలిసినవాళ్లం ఇద్దరమే, ఇంకేం చుట్టరికం కావాలి?

డిసెంబరు చివర్లో ఆర్డర్ వచ్చింది. బడ్జెట్ తగ్గింది, హెలికాప్టర్ ట్రిప్పులు తగ్గిస్తున్నారు, వారానికి కనీసం ఎన్ని క్యాన్ల కిరసనాయిలు ఉంటే చాలో ప్రతి పోస్టూ సాయంత్రం ఆరులోగా చెప్పాలి. మా సుబేదారు పంజాబు మనిషి, మంచివాడు. స్టోరు నీది కాబట్టి అంకె నువ్వే చెప్పమన్నాడు.

పది అనొచ్చు. పక్క పోస్టువాళ్లు పదే అన్నారని తర్వాత తెలిసింది. నేను ఏడన్నాను. ఎందుకంటే, గొప్పకి. మా అమ్మ నాలుగు కొబ్బరి కమ్మలు రాజేసి ఆరుగురికి వండేది. పొదుపు మా ఇంట్లోనే పుట్టిందనుకునేవాణ్ణి. రెండు వారాలుగా వాతావరణం బాగుండి వారానికి ఎనిమిది క్యాన్లతో గడిచింది కూడా. ఇంకాస్త బిగిస్తే ఏడు చాలవా అనుకున్నాను. పైవాళ్లు మెచ్చుకుంటారన్న ఆశా ఉంది, దాచడమెందుకు?

రేడియోవాడు హెడ్‌సెట్ పెట్టుకుని నా మొహం చూశాడు.

"మావా, నిజంగా సాలతాదేటి? పంపీమంటావా?"

"పంపీరా," అన్నాను.

"కనీసం ఏడు. మళ్లీ చెప్తున్నా, ఏడు," అని వాడు పంపాడు. అవతలి నుంచి శెభాష్ అని వచ్చింది. ఆ పూట నా నడకే వేరు.

జనవరి మూడో వారంలో మంచు తుఫాను పట్టుకుంది. పదకొండు రోజులు వదల్లేదు. హెలికాప్టర్ రాలేదు. ఉన్న కాస్త కిరసనాయిలూ చలి కాగడానికి కావాలి, నీళ్లకీ కావాలి. మనిషికి రోజుకు లీటరు నీళ్లన్నాను. ఆరో రోజు నుంచి ముప్పావు లీటరన్నాను. ఆ గాలికి ఊపిరి తీస్తేనే ఒళ్లు ఎండిపోతుంది, నాలుగు లీటర్లు తాగమని డాక్టర్లు మొదటే చెప్పారు. రేడియోవాడికి తలనొప్పి. నొప్పి మాత్రలు అడిగినప్పుడల్లా నా డబ్బాలోంచి నేనే తీసి ఇచ్చాను. ఒంట్లో నీళ్లు లేనప్పుడు అవి కిడ్నీలకి చేటని అప్పుడు తెలియదు.

తొమ్మిదో రోజు వాడి కళ్ల కింద వాపు కనిపించింది. కిడ్నీ జబ్బులకి పేరుపడ్డ మా ఉద్దానంలో పుట్టినవాడికి ఆ వాపేమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. మా వీధిలో ఎన్ని మొహాల మీద చూశాను! ఒంటేలు సరిగ్గా వస్తోందా అని అడిగాను.

"సుక్కలు సుక్కలుగా వత్తంది మావా. ఎర్రగా," అన్నాడు.

ఆ రోజు నుంచి నా వాటా నీళ్లు వాడికే పోశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. పన్నెండో రోజు పదీ నలభైకి హెలికాప్టర్ దిగితే వాణ్ణి ఎక్కించి పంపాం.

మార్చిలో మేమూ దిగాం. తక్కువలో పోస్టు నడిపినందుకు నాకు మెచ్చుకోలు కాగితం ఇచ్చారు. మరుసటి చలికాలం ఆ పోస్టుకు ఏడు క్యాన్లే రాశారని విన్నాను. ముందువాళ్లు నెట్టుకొచ్చారు కదా, మీకేం అన్నారట. ఆ పైకెళ్లినవాళ్లకి నా పేరు కూడా తెలియదు.

సర్వీసు అయిపోయి ఇంటికొచ్చేశాను. టెక్కలి బస్టాండు టీ కొట్టు దగ్గర పేపరు చదివేవాళ్లు సైన్యం ఖర్చుకి కోత పెడితే తప్పేంటంటారు. ఒకప్పుడైతే పోట్లాడేవాణ్ణి. కోత పైనుంచే వచ్చింది, కానీ ఎక్కడ కొయ్యాలో చూపించింది నేను. ఇప్పుడు టీ తాగేసి బస్సెక్కుతాను.

వాడి కిడ్నీలు మళ్లీ తేరుకోలేదు. మీ ప్రాంతం వాళ్లవి ముందే దెబ్బతిని ఉండొచ్చు, చెప్పలేం అన్నారు డాక్టర్లు. ఆ మాట పట్టుకుని తప్పించుకుందామని చాలా రోజులు చూశాను, కుదరలేదు. ఇప్పుడు వాడు వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి పలాస వెళ్తాడు.

మొన్న మే నెలలో వాళ్లింటికి వెళ్లాను. ఏడన్న అంకె చెప్పింది గొప్పకేనని, ఈసారైనా ఒప్పుకుందామని వెళ్లాను. మాట మొదలెట్టేలోగా వాళ్లావిడ, ఎండనబడి వచ్చావన్నయ్యా అంటూ చెంబు నిండా నీళ్లు తెచ్చి ఇచ్చింది. వాడి మంచం పక్కన చిన్న స్టీలు గ్లాసు ఉంది. రోజు మొత్తానికి అలాంటివి మూడేనట.

నేను చెంబు పట్టుకుని ఆగిపోయాను. వాడు నవ్వాడు.

"తాగు మావా. నాకు డాకటేరు ఇక్కడా రేసనే ఎట్టినాడు."

తాగకపోతే బాధపడతాడని చెంబెత్తాను. నేను గుటక వేసినప్పుడల్లా వాడి గొంతు కదిలింది.