పిల్లకి కనబడ్డాను

ఇన్నేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. బరువంటే ఎప్పుడూ ఉండే బరువు కాదు. అన్నం వండేటప్పుడు ఉండదు. బజారుకెళ్ళినప్పుడు ఉండదు. నలుగురిలో కూర్చుని నవ్వుతున్నప్పుడైతే అసలు గుర్తే రాదు. కానీ మా చెల్లెలు ఎవరితోనైనా "మా అక్క లేకపోతే నా పిల్ల ఏమైపోయేదోనండీ" అంటుంది చూడండి, అప్పుడు గుండెల మీద ఎవరో కాలు వేసి తొక్కినట్టుంటుంది. ఆ మాట తను తరచూ అంటుంది.

ఇది ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకీ చెప్పలేదు. ప్రార్థనలో దేవుడికి చెప్పానంటారా, చెప్పాను. కానీ ఆయనకి ముందే తెలుసు కదా, తెలిసినాయనకి చెప్పడం ఏం గొప్ప? తెలియని మనిషికి చెప్పాలి. అందుకే మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, అదే మంచిది. నేను రాజోలు వైపు మనిషినని మాత్రం అనుకోండి. పేర్లు మార్చేశాను.

మా చెల్లెల్ని కరుణ అందాం. కడుపుతో ఉండగానే మొగుడు వదిలేసి పోయాడు. పిల్ల పుట్టాక, ఇంకా అడుగులు వేయకముందే, ఇంటిపనికి కువైట్ వెళ్ళింది. మా ఊళ్ళో ఇంటికొకరు అలా వెళ్ళినవాళ్ళే, అందులో వింతేమీ లేదు. వెళ్ళేరోజు పిల్లని నా ఒళ్ళో పెట్టి వెనక్కి తిరిగి చూడకుండా ఆటో ఎక్కింది. చూస్తే ఇంక ఎక్కగలదా?

నాకు పిల్లల్లేరు. ఈ మాట ఇక్కడే చెప్పేస్తున్నాను, తర్వాత సాకుగా వాడుకోకుండా.

పిల్లని చిట్టి అనేవాళ్ళం. నా చెవి తమ్మె పట్టుకుంటే గానీ నిద్రపోయేది కాదు. ఎడమ చెవే కావాలి, కుడిచెవి ఇస్తే ఊరుకునేది కాదు. ఆ చెవికి కమ్మ పెట్టుకోవడం మానేశాను. ఒంటి చెవి కమ్మతో చర్చికి వెళ్తే ఆడవాళ్ళు నవ్వేవారు. నవ్వుకోండి తల్లీ అనుకునేదాన్ని. నాకెంత గర్వంగా ఉండేదో! మాటలు వచ్చాక నన్ను "అమ్మా" అంది. ఎవరూ నేర్పలేదు. పెద్దమ్మ అనాలమ్మా అని దిద్దవలసింది. దిద్దలేదు.

మా వైపు ఒక పద్ధతుంది. గల్ఫు నుంచి తల్లి సెలవు మీద వస్తే, అన్నాళ్ళూ పిల్లని పెంచిన మనిషి కొన్నాళ్ళు ఆ ఇంట్లో ఉండకూడదు. ఆ మనిషి కళ్ళ ముందుంటే పిల్ల తల్లి దగ్గరికి పోదు. కనబడకపోతే ఏడుస్తుంది, అలుగుతుంది, అన్నం మానేస్తుంది, ఆకలేసి చివరికి తల్లి చేతి ముద్దే తింటుంది. అంతే, ఆ ముద్దతో అలవాటైపోతుంది. ఎంతమంది అమ్మమ్మలు, ఎంతమంది మేనత్తలు అలా సంచి సర్దుకుని, సఖినేటిపల్లి రేవు దాటి, నరసాపురంలో ఏ చుట్టాలింట్లోనో కూర్చుని కొంగు తడుపుకున్నారో నాకు తెలుసు. కన్నీళ్ళు తుడుచుకుని తిరిగొచ్చి "ఏం తల్లీ, నన్ను మర్చిపోయేవా" అని పిల్లని ఆటపట్టించేవారు. అంత పెద్ద మనసులు వాళ్ళవి.

కరుణ మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు నేనూ వెళ్ళాలి. "నాలుగు రోజులు ఎక్కడికైనా వెళ్ళవే, ముండా" అని మా అమ్మ ముద్దుగానూ చెప్పింది, తిట్టీ చెప్పింది. నేను వెళ్ళలేదు. మోకాలు నొప్పన్నాను. కోడి పొదిగిందన్నాను. మా ఆయనకి వంట ఎవరు చేస్తారన్నాను. ఆయనేమో "నాకేం, నేను హోటల్లో తింటాను" అని గుట్టు బయటపెట్టబోతే కళ్ళతోనే నోరు మూయించాను. సెలవు సగం దాటిపోయింది. చిట్టి కన్నతల్లిని "ఆంటీ" అనేది. కరుణ తెచ్చిన బొమ్మలు తీసుకునేది, తీసుకుని నా దగ్గరికి పరిగెత్తుకొచ్చేది.

అప్పుడు కరుణ పార్కు మాట ఎత్తింది. హైదరాబాద్ అవతల ఏదో పెద్ద పార్కు, రంగులరాట్నాలు, నీళ్ళ జారుడుబల్లలు, ఏనుగంత బొమ్మలు. రెండేళ్ళు దాటిన పిల్లకి అవన్నీ ఏం తెలుస్తాయే అని మా అమ్మ గొణిగింది. దానికి కరుణ చెప్పిన జవాబు వినండి. కువైట్‌లో ప్రతి శుక్రవారం ఆ ఇంటి పిల్లల్ని అలాంటి పార్కుకి తీసుకెళ్ళేదట. వాళ్ళని ఎత్తి గుర్రం మీద కూర్చోబెట్టేది, పడిపోకుండా పట్టుకునేది, మూతి తుడిచేది. ఒక్కసారైనా తన పిల్లని అలా ఎత్తి కూర్చోబెట్టాలని ఉందట. మా అమ్మ లేచి ప్రయాణానికి సంచి తీసింది.

అమలాపురంలో బస్సెక్కి అందరం బయల్దేరాం. నేను, మా ఆయన, అమ్మ, కరుణ, పిల్ల. ఏసీ బస్సని అమ్మ చెవులకి మఫ్లరు చుట్టుకుని, కాళ్ళకి మేజోళ్ళు వేసుకుని దొరసానిలా కూర్చుంది. లాడ్జిలో దిగాక, పిల్లకి తల దువ్వుతుంటే కరుణ నా పక్కన కూర్చుని మెల్లగా చెప్పింది. రాజోలులో కుట్టుమిషన్ల కొట్టుకి ఒక గది చూసి పెట్టుకుందట. పిల్ల తన దగ్గరికి వస్తే ఇంక కువైట్ వెళ్ళదట. రాకపోతే, ఇక్కడుండి మాత్రం ఎవరికోసం, ఇంకొన్నాళ్ళు అక్కడే చేసుకుంటే దాని చదువుకైనా పనికొస్తాను అంది. ఆ మాటంటున్నప్పుడు తన గొంతులో ఏ నిష్ఠూరమూ లేదు. "ఈ ఒక్కరోజు దానికి కనబడకక్కా" అంది.

"ఆయ్, అలాగేలే" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. అన్నాననే అనుకుంటున్నాను.

పార్కులో తిండి అమ్మే కొట్ల వెనక ఒక స్తంభం చాటున సంచులు కాపలా కాస్తూ కూర్చున్నాను. ఎక్కనివ్వడానికి పిల్లల ఎత్తు కొలిచే కర్రలున్నాయక్కడ. చిట్టి ఏ కర్రకీ ఆనలేదు. పెద్దవాళ్ళు పట్టుకుంటే గుర్రాల రాట్నం ఒక్కటీ ఎక్కనిస్తారట. మా ఆయన మాత్రం చిన్నపిల్లాడైపోయి నీళ్ళ జారుడుబల్ల ఎక్కి, "బాబోయ్" అని ఊరంతా వినబడేలా అరిచి, ఒక చెప్పు పోగొట్టుకుని కుంటుకుంటూ వచ్చాడు. అమ్మ ఆ పోయిన చెప్పు కోసం కనబడ్డ వాళ్ళందరినీ అడుగుతూ తిరుగుతోంది. నేను నవ్వుతూనే ఉన్నాను గానీ చెవులు రెండూ పిల్ల మీదే. ఏడుస్తోంది. నాకోసం ఏడుస్తోంది. ఎలుగుబంటి వేషం వేసుకున్న మనిషిని చూసి ఇంకా ఏడ్చింది. కరుణ బుజ్జగిస్తోంది, పాట పాడుతోంది. నా కాళ్ళు లేవబోతే నేనే నొక్కి పట్టుకున్నాను. అంతవరకు నేను మాట తప్పలేదు, దేవుడి తోడు.

తర్వాత ఏడుపు ఆగిపోయింది.

దానికి తట్టుకోలేకపోయాను. ఏడుపు విన్నంతసేపూ కూర్చోగలిగినదాన్ని, అది ఆగాక కూర్చోలేకపోయాను. ఎందుకని? పిల్లకేమైందోనని లేచానని చాలా ఏళ్ళు చెప్పుకున్నాను. కాదు. ఏమీ కాలేదేమోనని లేచాను.

వెళ్ళి ఒక చెట్టు చాటు నుంచి చూశాను. గుర్రాల రంగులరాట్నం తిరుగుతోంది. చిట్టి ఒక తెల్లగుర్రం మీద ఉంది. కరుణ పక్కన నిలబడి నడుం పట్టుకుంది. పిల్ల నవ్వుతోంది. గుర్రం పైకి లేచినప్పుడల్లా కిలకిలమని నవ్వుతోంది. నవ్వుతూ నవ్వుతూ చెయ్యి చాచి కరుణ చెవి పట్టుకుంది. ఎడమ చెవి. కరుణ కళ్ళు మూసుకుంది. మా చెల్లెలి మొహం అంత అందంగా నేనెప్పుడూ చూడలేదు, పెళ్ళిలో కూడా.

అప్పుడు నేను చెట్టు చాటు నుంచి వచ్చి రెయిలింగు దగ్గర నిలబడ్డాను.

పిల్ల నన్ను చూసింది. రాట్నం అటు తిరిగిపోయింది. మళ్ళీ చుట్టు తిరిగి వచ్చేలోపు నేను వెళ్ళిపోవచ్చు. పక్కనే ఐస్‌క్రీం బండి ఉంది, దాని వెనక్కి వెళ్తే చాలు. మీకిది బాగా తెలియాలనే చెబుతున్నాను, నాకు ఆలోచించుకోవడానికి ఒక చుట్టంత సమయం దొరికింది. ఆలోచించుకున్నాను. ఆలోచించుకునే నిలబడ్డాను. గుర్రం తిరిగి రాగానే నవ్వాను. రెండు చేతులూ చాచాను.

"అమ్మా!" అని కేక పెట్టింది. కరుణ చెవి వదిలేసింది. కరుణ పిల్లవైపు తిరిగి ఉంది, నాకు వీపు కనబడుతోంది, తను నన్ను చూడలేదు. చూడదని నాకు తెలుసు. అటు తిరిగిపోగానే బండి వెనక దాక్కున్నాను. పిల్ల గుర్రం మీంచి దూకబోతోంది, గింజుకుంటోంది, కరుణ మొహం మీద కొడుతోంది. రాట్నం ఆపించారు. నేను వేరే దారిన చుట్టూ తిరిగి, చేతిలో మంచినీళ్ళ సీసాతో, ఏమీ తెలియనిదానిలా ఎదురొచ్చాను. పిల్ల నా మీదికి ఉరికింది.

"ఎక్కడున్నావక్కా?" అంది కరుణ.

"మంచినీళ్ళకి వెళ్ళేనే. ఏంటి, ఏమైంది?"

"బాగానే నవ్విందక్కా. నా చెవి కూడా పట్టుకుంది. ఉన్నట్టుండి నా మొహం చూసి జడుసుకుంది." చెదిరిన జుట్టు సరిచేసుకుంటూ అడిగింది. "నువ్వుగానీ దానికి కనబడ్డావా?"

"నేనా? నేనెందుకు కనబడతానే? నువ్వు వద్దన్నాక కూడానా?"

పిల్ల నా భుజం మీంచి వేలు పెట్టి చూపించింది. "అమ్మ... అక్కడ... దాక్కుంది" అంది.

"బొమ్మల్ని చూసి ఏదో వాగుతుందిలే" అన్నాను.

కరుణ నమ్మింది. తన చంప మీద పిల్ల గోళ్ళు గీరుకున్న ఎర్రటి గీత. దాన్ని వేళ్ళతో తడుముకుంటూ, "పోన్లే అక్కా, పిల్లదేం తప్పు" అంది. అబద్ధం ఆడింది నేను, అబద్ధాలకోరుని చేసింది పసిపిల్లని. అది నిజం చెప్పింది. పుట్టి బుద్ధెరిగాక బహుశా అదే మొదటి సాక్ష్యం. నేను కొట్టిపారేశాను.

సెలవు పూర్తికాకుండానే కరుణ వెళ్ళిపోయింది. కొట్టుకి చూసుకున్న గది వద్దని కబురు చేసింది. ఇంకొన్నాళ్ళన్నది ఏళ్ళయింది. మధ్యలో వచ్చినప్పుడల్లా పిల్లకి గౌనులు, గడియారాలు తెచ్చేది, దగ్గరికి లాక్కోవడానికి మాత్రం భయపడేది. జడుసుకుంటుందేమోనని. నేనే కదా ఆ భయం పెట్టింది? చిట్టిని నేను ఎంత ప్రేమగా పెంచానో మా వీధిలో ఎవర్నైనా అడగండి. ఒక్క జ్వరం, ఒక్క పరీక్ష, ఒక్క అలక నేను లేకుండా గడవలేదు. దాని మీద ప్రేమ అబద్ధం కాదు. అదే నన్ను తినేస్తుంది. ప్రేమ నిజమైతే తప్పు చిన్నదవుతుందా? నేను నిలబడకపోయినా పిల్ల ఏడ్చేదేమో, కరుణ వెళ్ళిపోయేదేమో అని నా తరఫున నేనే ఎన్నిసార్లు వాదించుకున్నానో. చేతులు వాటంతటవే చాచుకున్నాయని కూడా చెప్పుకున్నాను. చేతులు వాటంతటవి చాచుకోవు.

ఇప్పుడు కరుణ వచ్చేసింది. కీళ్ళనొప్పులు తెచ్చుకుని, షుగరు తెచ్చుకుని, శాశ్వతంగా వచ్చేసింది. మా పక్క వాటాలోనే ఉంటుంది. చిట్టి ఇంటర్ చదువుతోంది. తల్లిని "మమ్మీ" అంటుంది, గౌరవంగా, చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళని పలకరించినట్టు. నన్ను "అమ్మా" అంటుంది. నెలకోసారి చర్చిలో ప్రభువు బల్ల దగ్గర నేనూ చెల్లీ పక్కపక్కన మోకరిస్తాం. సహోదరులతో సమాధానపడి రండి అని పాస్టరయ్యగారు అంటారు. తను నావైపు తిరిగి నవ్వుతుంది. నేనూ నవ్వి, రొట్టె తీసుకుంటాను. ఎలా తీసుకుంటున్నానో, ఎలా మింగుడు పడుతోందో!

చెప్పేద్దామని లేచి, తన గుమ్మం దాకా వెళ్ళి, కూర అడిగి వచ్చిన రోజులున్నాయి. చెబితే తన బరువు తీరుతుందా, నాదా? ఇన్నాళ్ళూ పిల్ల ఖర్మ అనుకుంది, దూరం ఖర్మ అనుకుంది. ఇప్పుడు అక్క అని తెలిస్తే ఏం చేసుకుంటుంది? ఇదంతా చెల్లెలి మీద జాలని మీరు అనుకోకండి. భయం. ఇద్దరూ నాకు కాకుండా పోతారని భయం.

పోయిన వారం చిట్టికి జ్వరం వచ్చింది. మధ్యాహ్నం నేను గదిలోకి వెళ్ళేసరికి కరుణ పిల్ల మంచం మీద కూర్చుని తడిగుడ్డతో నుదురు తుడుస్తోంది. పిల్ల కళ్ళు తెరవకుండానే "అమ్మా" అంది. "ఊ, ఏంటి తల్లీ" అని కరుణ గభాలున ఒంగింది. ఒంగి, ఆగిపోయింది. తర్వాత నన్ను చూసి చిన్నగా నవ్వి లేచి నిలబడింది.

"నిన్నేనక్కా. రా, కూర్చో" అంది, తడిగుడ్డ నా చేతికిస్తూ.

నువ్వే కూర్చోవే అనవచ్చు. ఆ ఒక్క మాట అనడానికి నోరు తెరిస్తే చాలు. నేను కూర్చున్నాను. తను కూర్చున్న చోటు ఇంకా వెచ్చగానే ఉంది. ఆ చోటు తనది. ఎవరూ నాకివ్వలేదు, నేనే లాక్కున్నాను. మా చెల్లెలికి చెప్పలేదు. మీకు చెప్పాను.