అమ్మ అనని మాట

మా చిన్నప్పుడు... గురువారం వచ్చిందంటే చాలు, నడవాలో పీట వేసుకుని నాన్న, పక్కన నల్లసిరా బుడ్డి... వంటింట్లోంచి అమ్మ మాటలు.

నాన్న పాలకొల్లులో డ్రాయింగు మాస్టారు. పెళ్లికి ముందు పిల్లల పత్రికలకు రాజులూ రాక్షసులూ ఉండే బొమ్మల కథలు వేసేవారట. వాటినెవరూ పెద్దగా పట్టించుకోలేదు. పెళ్లయ్యాక రాజమండ్రి వారపత్రిక ఒకటి మూడు గళ్ల బొమ్మల హాస్యం కావాలని అడిగితే 'వంటింటి వార్తలు' మొదలుపెట్టారు. అందులో మొగుడు చలపతి, పెళ్లాం మంగతాయారు. దాంతో నాన్నకు ఎక్కడలేని పేరూ వచ్చేసింది... బస్సుల్లో కండక్టర్లు కూడా గుర్తుపట్టి పలకరించేవారు.

అసలు సంగతి మా వీధికంతా తెలుసు. మంగతాయారంటే మా అమ్మే! ఆ బొద్దు మొహం, బొడ్లో దోపిన కొంగు, ఆ ఎత్తిపొడుపులు... అన్నీ అమ్మవే. నాన్న ముదిరిన బెండకాయలు తెస్తే "ఇవి కూరకాండీ, చేతికర్రలకా?" అనేది. పేపరు మొహాన కప్పుకుని కునుకు తీస్తే "వార్తలన్నీ ఒంటికి పట్టాయాండీ?" అనేది. ఆ వారం పత్రికలో అదే మాట ఉండేది. ఇక బజారులో మొహం ఎలా చూపించుకోవాలంటూ నాన్న మీద ఇంతెత్తున లేచేది... పత్రిక రాగానే అందరికంటే ముందు లాక్కునేది మాత్రం తనే.

నాన్నకో పద్ధతి ఉండేది. ముందు మాట రాసేవారు. తర్వాత దాని చుట్టూ బుడగ గీసి, ఆఖర్న బొమ్మ వేసేవారు. మాట కుదిరితే బొమ్మ దానంతటదే వస్తుందనేవారు.

నేను ఏడో తరగతిలో ఉండగా అమ్మకు పచ్చకామెర్లు వచ్చాయి... నెల తిరక్కుండానే పోయింది.

కొన్ని వారాలు ఊరుకుని పత్రికవాళ్లు మళ్లీ అడిగారు. నాన్న కూర్చున్నారు గానీ మంగతాయారు మొహం వేయలేకపోయారు. చివరికి వంటింటి గుమ్మం వేసి, లోపలి నుంచి ఒక బుడగ మాత్రం బయటికి వచ్చేట్టు గీశారు. మనిషి కనిపించదు, మాట వినిపిస్తుంది. జనానికి అదేదో కొత్త తమాషాలా అనిపించి తెగ నచ్చేసింది.

అప్పట్నుంచీ గురువారాలు నన్నూ తమ్ముడినీ పక్కన కూర్చోబెట్టుకునేవారు.

"ఇలాంటప్పుడు మీ అమ్మ ఏమనేదమ్మా?"

తమ్ముడు అచ్చం అమ్మలా మూతి తిప్పుతూ చెప్పేవాడు. ముగ్గురం నవ్వేవాళ్లం... నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేవాళ్లం. పత్రికలో ఆ మాట చూస్తే అమ్మ ఇంకా వంటింట్లోనే ఉన్నట్టుండేది నాకు.

ఏడాది గడిచేసరికి మా దగ్గర అమ్మ మాటలు అయిపోయాయి. ఏది చెప్పినా అది వేసేశాం కదా అనేవారు నాన్న. సొంతంగా ఏదైనా కల్పించి చెబితే తల అడ్డంగా ఊపేవారు. ఆ గురువారాలంటే నాకు భయం పట్టుకుంది.

ఒక వారం నాన్న ముందే బుడగ గీసేశారు. ఎప్పుడూ అలా చేసి ఎరగరు. సాయంత్రం దాకా దాన్నే చూస్తూ కూర్చున్నారు. రాజమండ్రి బస్సు వేళయింది. "ఈ వారం మీ అమ్మ ఏం మాట్లాడదులే" అని ఖాళీ బుడగతోనే కవరు అంటించి, కండక్టరు చేతికిచ్చి వచ్చారు.

నాన్న మర్చిపోయారనుకున్నారు కాబోలు పత్రికవాళ్లు... పాపం, సాయం చేద్దామనే చేసుంటారు. పత్రిక వచ్చాక చూస్తే ఆ బుడగలో వేరెవరిదో చేతిరాత. "కొత్త చీర కొంటేనే కాఫీ, లేదంటే పుట్టింటికి చెక్కేస్తా!"

వీధంతా నవ్వింది. ఇన్నేళ్లలో ఇంత బాగా ఎప్పుడూ రాలేదని కాఫీ హోటలు దగ్గర నాన్నను ఆపి మరీ చెప్పారట. ఆయన నవ్వి, దండం పెట్టి ఇంటికొచ్చారు. పత్రిక మా ముందు పెట్టారు.

"మీ అమ్మ నన్నెప్పుడూ చీర అడగలేదమ్మా."

అంతే... చిన్నపిల్లాడిలా భోరుమన్నారు. అమ్మ పోయిన రోజు కూడా నాన్న అలా ఏడవలేదు.

'వంటింటి వార్తలు' అక్కడితో ఆగిపోయింది. నాన్న మళ్లీ ఏ పత్రికకూ బొమ్మ వేయలేదు. రిటైరయ్యేదాకా బళ్లో నల్లబల్ల మీద కుండలూ మామిడిపళ్లూ వేసుకుంటూ గడిపేశారు.

ఇప్పుడు ఎవరి ఫోనులో చూసినా వాళ్ల అమ్మ గొంతు భద్రంగా ఉంటోంది... మా అమ్మది ఎక్కడా లేదు. గుర్తు తెచ్చుకుందామని కళ్లు మూసుకుంటే నాకు తమ్ముడి గొంతే వినిపిస్తోంది.

మీ అమ్మ మీ నాన్నను దెప్పే మాట ఏదైనా ఉంటే కింద రాయండి... ఒక్క అక్షరం కూడా మార్చకుండా, ఆవిడ అన్నది అన్నట్టుగానే రాయండి.