లామినేషన్ బాబాయ్ చూడని సగం సినిమా

లామినేషన్ బాబాయ్ చేతికి కాగితం చిక్కిందంటే ప్లాస్టిక్ తొడుగు తప్పదు. సర్టిఫికెట్లంటే సరే, డాక్టరు చీటీలూ, కరెంటు బిల్లులూ కూడా వదలడు. "ఏదో రోజు నన్నూ ఆ మిషన్లోకి తోసేస్తారు" అంటుంది భార్య. అలాంటి మనిషి దుకాణానికి ఆ శనివారం పార్సిల్ వచ్చింది, ఇక చూడండి! కత్తెర వెతికే ఓపిక లేక పళ్లతోనే టేపు చింపేశాడు.

లోపల సినిమా డిస్కు. పాతికేళ్లుగా డిస్కులు కొంటున్నాడు, ఇంట్లో గోడంతా అవే. కానీ ఇది వేరు, ఇన్నేళ్లూ ఎంత వెతికినా దొరకనిది. తనకి పదేళ్లు, చెల్లెలికి ఏడేళ్లు ఉన్నప్పుడు నాన్న ఈ సినిమాకి తీసుకెళ్లాడు. ఇంటర్వెల్లో చెల్లెలు భళ్లున వాంతి చేసుకుంది. ముగ్గురూ ఇంటిదారి పట్టారు. మర్నాటికి సినిమా మారిపోయింది. "అంతా నీ వల్లే!" అని వీడు ఏడిస్తే, "పెద్దయ్యాక కలిసే చూద్దాం, ఒట్టు" అంది ఆ పిల్ల. ఆ ఒట్టుకి నలభై ఏళ్లు నిండాయి.

ఇప్పుడు చెల్లెలు ఏడు గంటల ప్రయాణం దూరంలో కాపురముంటోంది. అందుకే ఈ డిస్కుతో డిజిటల్ కాపీ కూడా వస్తుందని తెలిసి బాబాయ్ గంతేశాడు. పెట్టెలో ఉన్న చీటీ మీద కోడ్ ఉంటుంది, అది కొడితే అదే సినిమా టీవీలోకి వచ్చేస్తుంది. డిస్కు తనకి, కోడ్ చెల్లెలికి. ఆదివారం నాలుగింటికి ఇద్దరూ ఒక్కసారే మొదలుపెట్టి, ఫోన్ స్పీకర్లో పెట్టుకుని చూడాలని ఏర్పాటు.

చీటీ చూస్తే ఉల్లిపొర. చిరిగితే? తడిస్తే? కోడ్ ఒక్కటే, పనిచేసేది ఒక్కసారే. అలవాటు పడ్డ చెయ్యి ఊరుకుంటుందా? పౌచ్‌లో పెట్టి వేడి రోలర్ల మధ్యకి తోసేశాడు. తళతళలాడుతూ బయటికొస్తే మురిసిపోయాడు కూడా.

ఆదివారం మూడున్నరకే చెల్లెలి ఫోన్. "అన్నయ్యా, నిన్న రాత్రి నిద్రే పట్టలేదు! త్వరగా కోడ్ చెప్పు."

కళ్లజోడు పెట్టుకుని చూశాడు. కోడ్ మీద బూడిద రంగు పూత. కింద 'ఇక్కడ గీకండి' అని ఉంది. ఏం గీకుతాడు, పైన ప్లాస్టిక్ ఉంటే! బ్లేడుతో అంచు లేపి లాగాడు. పూతతోపాటు అక్షరాలూ ఊడొచ్చాయి.

"అమ్మలూ, కొంప మునిగిందే" అని జరిగింది చెప్పాడు. చెల్లెలు పడీపడీ నవ్వింది.

"నవ్వకే! నాకు ఏడుపొస్తోంది."

"డిస్కుందిగా, పట్టుకుని రా."

"మరి దుకాణం?" పాతికేళ్లుగా ఆమె ఎప్పుడు రమ్మన్నా ఇదే మాట. ఆ ఇంటి గడప తొక్కింది రెండుసార్లే.

వెనకనుంచి భార్య అందుకుంది. "కాగితాలేం పారిపోవులెండి. మిషన్ నేను చూసుకుంటా, మీరు బయల్దేరండి."

మర్నాడు ఉదయం ఒళ్లో ప్లేయరు, గుండెకి హత్తుకున్న డిస్కు, బస్సులో కిటికీ సీటు. నాలుగు కొట్టేసరికి చెల్లెలి ఇంట్లో టీవీ ముందు ఇద్దరూ నేలమీద చతికిలబడ్డారు. ఇంటర్వెల్ వచ్చింది. దాటింది. దాటిందండీ! బాబాయ్ చెల్లెలి భుజం పట్టుకుని ఊపేశాడు. "చూడవే, ఇక్కణ్ణించి అంతా కొత్తే!"

తెరమీద హీరో తప్పిపోయిన తల్లికోసం రైలంతా వెతుకుతున్నాడు. బాబాయ్ ఊపిరి బిగబట్టాడు.

"కంగారుపడకు, మూడో పెట్టెలో ఉంటుంది" అంది చెల్లెలు.

ఉంది. బాబాయ్ మెల్లగా ఇటు తిరిగాడు. "నీకెలా తెలుసు?"

ఆమె తెర మీంచి చూపు తిప్పలేదు. "పెళ్లైన కొత్తలో టీవీలో వచ్చింది. మా అత్తగారి పక్కన కూర్చుని చూసేశా."

"ఒట్టు వేసి మరీ! ఇన్నేళ్లూ చెప్పలేదేమే?"

"చెబితే నువ్వు వెతకడం మానేసేవాడివి. 'అది ఇంకా దొరకలేదే' అని వారం వారం ఫోన్ చేసేవాడివా? అది తప్ప నాతో ఇంకేం మాట్లాడావు అన్నయ్యా?"

కోపం రావాల్సింది. రాలేదు. నిజమే, ఒక్కసారైనా ఎలా ఉన్నావే అని అడిగాడా?

రిమోట్ తీసుకుని సినిమా ఆపేశాడు.

"అయ్యో, అసలు ఘట్టం ఇప్పుడే" అంది చెల్లెలు.

"రేపు చూద్దాంలే" అన్నాడు. "ముందు నీ సంగతులు చెప్పు."