దీన్ని ముట్టిందెవురు?

చిత్తూరులో మా కారు బాగుచేసే మెకానిక్ బానెట్ ఎత్తగానే ఒకటే మాట అనేవాడు: "ఎవురయ్యోరా దీన్ని ముట్టింది?" ముగ్గురు వాడి వదిలేసిన కారు అది. బడిపంతులు జీతంతో దాన్ని నడపడమే గగనంగా ఉండేది. పైగా ప్రతిసారీ దొంగలా నిలబడి ఈ మాట వినాలి! నా దగ్గరికొచ్చాక అతని చెయ్యి తప్ప మరో చెయ్యి దాని మీద పడిందే లేదు.

ఒకసారి అమ్మను కాణిపాకం తీసుకెళ్తుంటే ఇంజను కాగిపోయి కారు దారిలో ఆగింది. అమ్మను చింతచెట్టు నీడలో కూర్చోబెట్టి, బస్సెక్కి వెళ్లి అతణ్ణి వెంటబెట్టుకొచ్చాను. బానెట్ ఎత్తాడు. రేడియేటర్ గొట్టానికి చుట్టిన సైకిలు ట్యూబు ముక్కను వేలితో పొడిచి, "ఎవురయ్యోరా దీన్ని ముట్టింది? బుద్ధుండాదా వానికి?" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "నువ్వే కదప్పా, పోయిన నెల!" అని అరిచాను.

అతను రెప్ప కూడా వెయ్యలేదు. మళ్లీ వంగి చూసి, "అట్లనా? అందుకే గట్టిగా ఉండాది. తెగింది ఫ్యాను బెల్టు" అంటూ సంచిలోంచి పాత బెల్టొకటి తీసి బిగించాడు.

అతను చనిపోయిన తర్వాత కారును తిరుపతిలో ఒక కొత్త మెకానిక్‌కు చూపించాను. బానెట్ ఎత్తి, ఆ ట్యూబు కట్టు చూసి నవ్వాడు.

"ఎవురు సార్ దీన్ని ముట్టింది?"

నాకు మళ్లీ ఒళ్లు మండింది.

"ఎవురైతే నీకెందుకు? నువ్వు మాత్రం ముట్టవాకు" అని బానెట్ నేనే దించేశాను.