వంచితే ఆరిపోయే బల్బు

తెల్లారేసరికి మా లారీలు పి.గన్నవరం దగ్గర ఏటిగట్టు మీద ఆగేయి. సన్నటి వాన. గట్టును ఒరుసుకుంటూ ఎర్రటి గోదావరి. సర్వీసు మొత్తంలో సొంత ప్రాంతంలో నాకు పడిన డ్యూటీ ఆ వరదలదొక్కటే. నేను ఆర్మీ సిగ్నల్స్‌లో నాయక్‌ని, రేడియోలు చూసే పని.

మా రేడియో సెట్లు చాలక, ఊళ్లో సరదాకి సెట్లు నడిపే హ్యామ్ రేడియో వాళ్లవి తెచ్చేరు. వాటితో ఏంటెన్నా కేబుళ్లు, అన్నీ పాతవి. పరీక్షించే మీటరు మేం యూనిట్‌లోనే మరిచిపోయేం. ఒక సబ్బుపెట్టెకి రెండు సాకెట్లు బిగించి, లోపల రెండు పెన్సిలు బ్యాటరీలు, టార్చి బల్బు కలిపేను. కేబులు రెండు కొసలూ సాకెట్లకి తగిలిస్తే, లోపలి తీగ బాగున్నప్పుడు బల్బు వెలుగుతుంది. ఒక కేబులు తిన్నగా ఉంటే వెలిగింది, వంచితే ఆరిపోయింది. పారెయ్యాల్సిన కేబులది.

నా పైనుండే హవల్దారు అనంతపురం మనిషి. అంతకుముందు విన్యాసాల్లో తను చార్జింగు పెట్టడం మరిచిన బ్యాటరీకి నన్ను దోషిని చేసేడు. కంపెనీ అంతా చూస్తుండగా వీపు మీద మూటతో నన్ను మైదానం చుట్టూ పరిగెత్తించేరు. నా ప్రమోషనూ ఆగిపోయింది. పైగా నా గోదావరి మాటకి, 'ఆయ్' అన్నప్పుడల్లా, రోజూ వెక్కిరింపు.

"ఏమప్పా ఆయ్, నేను లంకకు పోతాండా. కేబులు చూసినావా?"

"చూసేను సాబ్."

"బల్బు వెలిగిందా?"

"వెలిగింది సాబ్."

ఆ కేబులే చుట్టి చేతికిచ్చేను. ఆఫీసరు ముందు వాడు తల దించుకోవాలి. ఏడాదిగా నేను కోరుకున్నది అదొక్కటే.

మనుషులకి బోటు, గొడ్లకి పంటు, అంటే వెడల్పాటి బల్లకట్టు. పంటు ఒక్కటే ఉంది. ఏటి మధ్య ఏ లంక నుంచి రేడియోలో కబురొస్తే అటు పంపాలని ఆర్డరు. ఎనిమిదింటికి హవల్దారు బోటులో వెళ్లేడు. వాణ్ణి దింపేసి బోటు ఇంకో లంకకి పోయింది. లంకలో బడి డాబా మీద ఏంటెన్నా కట్టి, కేబుల్ని పిట్టగోడ మీంచి కిందకి వంచేడు.

పదకొండింటికి నా సెట్లో గరగర. "బేస్... పం..." మళ్లీ గరగర.

పంటు నడిపే సరంగు అడిగేడు. "కబురొచ్చిందాండీ? నీరు పెరిగిపోతోందండి."

"ఇంకా లేదండి," అన్నాను.

వాడు పంటు అడుగుతున్నాడని నాకు అర్థమైంది. అరవనీ, గొంతు పగిలేదాకా అరవనీ అనుకున్నాను. పన్నెండున్నర దాకా, ఆ గంటన్నరా నేను అనుభవించిన తృప్తి గురించి అబద్ధం చెప్పను. తరవాత భయమేసి, కబురొచ్చిందని చెప్పి పంటు తీయించి నేనూ ఎక్కేను.

మేం చేరేసరికి పశువులపాకల్లో నడుం లోతు నీరు. ఎదురుచూసి, చూసి లంకవాళ్లు గొడ్లని విప్పేసేరట. చాలావాటిని ఏరు తీసుకుపోయింది. హవల్దారు రెండు చేతులతో ఏంటెన్నా గడ పట్టుకుని డాబా మీద ఉన్నాడు. గొంతు పోయింది.

"కేబులు లోపల తెగిందప్పా. నీ తప్పేం లేదు, బల్బు వెలిగింది గదా," అన్నాడు.

దానికీ నాకు మండింది. వాడి క్షమ నాకెందుకు? నిజం అప్పుడు చెప్పలేదు, తరవాతా చెప్పలేదు.

వరద తీసేక యూనిట్‌కి వెళ్లిపోయేం. ఇప్పుడు రిటైరై అమలాపురంలో ఉంటున్నాను. హ్యామ్ రేడియో నేర్చుకునేవాళ్లకి ఆ సబ్బుపెట్టె ఎలా చెయ్యాలో చూపిస్తుంటాను. కేబుల్ని వంచి చూడమని మరీ మరీ చెబుతాను. చెబుతున్నంతసేపూ నాకు కనపడేది ఆ రోజు తిరుగు పంటులోని ఒక మామ్మగారు.

"పంటు వత్తాదన్నారండి బాబూ," అందావిడ, ఒక్కసారే.

అందరూ కూర్చున్నారు. ఆవిడ కూర్చోలేదు. పలుపుతాడు రెండు చేతులతో బిగించి పట్టుకుని నిలబడింది, అటు చివర ఇంకా ఏదో లాగుతున్నట్టు.