డీటీ1 అంటే ఏ తేదీ?

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మదనపల్లెలో ఒక నర్సింగ్ హోమ్‌లో కంప్యూటర్ పని చూసేదాన్ని. మా డాక్టరమ్మకు పుంగనూరులో, కుప్పంలో కూడా ఆస్పత్రులుండేవి. రక్తం ఇచ్చేవాళ్ల వివరాలు ఏ ఊరికి ఆ ఊరి కంప్యూటర్లోనే ఉండేవి. అన్నీ ఒకచోట చేర్చమంది.

చేర్చనిస్తే కదా! ఒకే సంగతికి ఊరికో పేరు. ఆఖరుసారి రక్తం ఇచ్చిన రోజును కుప్పం వాళ్లు ఉత్త ‘తేదీ’ అన్నారు. పుంగనూరులో డీటీ1, డీటీ2 అని రెండు కాలమ్‌లు. అక్కడి ఆపరేటరుకు ఫోన్ చేశాను.

“డీటీ1 అంటే ఏందన్నా?”

“డేటు కదమ్మా.”

“ఏ డేటు?”

“రక్తం ఇచ్చిన డేటే. ఇంకేం ఉంటాది?”

సరే అని అదే ఎక్కించాను.

ఒక గర్భిణికి మర్నాడు ఆపరేషన్. ఓ నెగటివ్ రక్తం కావాలి. మా లిస్టు పుంగనూరులో టమాటా వ్యాపారం చేసే ఒకాయన్ని చూపించింది. కబురందగానే బస్సెక్కి వచ్చేశాడు.

“పోయిన నెలే గదమ్మా మీ పుంగనూరు ఆస్పత్రిలో ఇచ్చినాను. మళ్లీ యాల పిలిచినారు?” అన్నాడు.

డీటీ1 ఆయన మొట్టమొదటిసారి ఇచ్చిన తేదీ అట, ఆఖరుసారిది డీటీ2! ఒకసారి ఇచ్చాక మూడు నెలలు తిరక్కుండా మళ్లీ తీసుకోగూడదు. డాక్టరమ్మ నావైపు చూసింది. నాకు పుంగనూరు ఆపరేటరు మీద ఒళ్లు మండిపోయింది.

టమాటాల ఆయన మాత్రం కోప్పడలేదు. “మా చెల్లెలు కుప్పంలో ఉండాది. దాందీ ఇదే రక్తం. పిలిపిస్తా ఉండండి” అన్నాడు. సాయంత్రానికి ఆమె భర్తతో వచ్చి రక్తమిచ్చింది. మర్నాడు ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం.

ఆ వారమే కాలమ్‌లన్నిటికీ అర్థమయ్యే పేర్లు పెట్టాను. పుంగనూరు ఆపరేటరు సణిగాడు. “ఇంత పొడుగు పేర్లా? టైపు కొట్టేలోపల పేషెంటు ఇంటికి పోతాడు.” నన్నడక్కుండా ఎవరూ కొత్త కాలమ్ పెట్టగూడదని డాక్టరమ్మ గట్టిగా చెప్పేసింది.

ఇక చూడండి, ప్రతిదానికీ ఫోనే. అన్నం ముందు కూర్చుంటే ఫోను, ఆదివారం తలంటుకుంటుంటే పుంగనూరు ఆపరేటరు ఫోను.

“అమ్మా, ఊరి కాలమ్‌కు ఏం పేరు పెట్టమంటావు?”

“ఊరు అనే పెట్టన్నా!” అని అరిచాను.

“అది సరే. పుట్టిన ఊరా, ఇప్పుడుండే ఊరా?”

తలమీద నురుగు కళ్లలోకి కారుతోంది. ఆ ప్రశ్న ఆయన నోట వినడానికి ఇన్నాళ్లు పట్టింది మరి. ఫోన్ పెట్టేయకుండా నిలబడి జవాబు చెప్పాను.