దావీదు వాంగ్మూలం

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది జూన్‌లో నన్ను నరసరావుపేట నుంచి గురజాల డివిజన్‌లోని ఒక మండలానికి రెవెన్యూ ఇన్‌స్పెక్టర్‌గా బదిలీ చేశారు. ఆర్.ఐ. అంటే తహసీల్దారుకు కింద, వీఆర్వోలకు పైన ఉండే ఉద్యోగి. ఊళ్ళో జరిగే విచారణ ఏదైనా మొదట మా చేతిలోనే పడుతుంది. సంతకాలు పైవాళ్ళు పెడతారు గానీ వాళ్ళు చదివేది మేం రాసిన కాగితమే.

చేరిన రెండో నెలలో ఒక ఫైలు వచ్చింది. సునీత అనే అమ్మాయికి ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సుగా ఉద్యోగం ఖాయమైంది. వాళ్ళది క్రైస్తవ కుటుంబమనీ, ఆమె ఎస్సీ సర్టిఫికెట్ చెల్లదనీ ఎవరో కలెక్టరేట్‌లో అర్జీ పెట్టారు. ఎస్సీ కులంలో పుట్టినవారు క్రైస్తవం తీసుకుంటే చట్టం ప్రకారం బీసీ-సి కిందికి వస్తారు. అక్కడ పోస్టులు బాగా తక్కువ. అందుకే మావాళ్ళలో చాలామందికి రెండు పేర్లుంటాయి, రేషన్ కార్డులో ఒకటి, మేం గుడి అని పిలుచుకునే చర్చిలో ఒకటి. సునీత తండ్రి తాపీమేస్త్రి. కార్డులో వెంకటేశ్వర్లు, గుడిలో దావీదు.

మావాళ్ళు అని ఊరికే అనలేదు. నా సర్వీసు రిజిస్టరులో పేరు సుబ్బారావు, మతం హిందూ. ఉద్యోగం ఎస్సీ కోటాలో వచ్చింది. ఆదివారం మాత్రం నేను శామ్యూల్‌ని. ఆ పేరుతోనే ఏళ్ళ తరబడి ఊరూరా తిరిగి బైబిలు వాక్యం చెప్పాను. మొదట్లో బెరుకుగా ఉండేది, తర్వాత అలవాటైపోయింది. పైగా సునీతవాళ్ళ ఊరి గుడికి నేను అంతకుముందు ఏడాదే వెళ్ళాను. మూడు రోజుల ప్రార్థన కూడికల్లో రెండో రోజు నాది. క్రైస్తవ జీవితంలోని దీవెనలు, బాధ్యతలు అన్న అంశం మీద గంటన్నర మాట్లాడాను. బాగా చెప్పానని అందరూ అన్నారు, నేనూ అనుకున్నాను.

విచారణకు ఒక నమూనా పత్రం ఉంటుంది. ఇలవేలుపు, పండుగలు, పెళ్ళి తంతు, చావు తంతు, ఇంట్లో దేవుడి పటాలు, చివరగా మతం. ఇరుగుపొరుగు ఇద్దరి ఎదుట ఇంటిపెద్ద వాంగ్మూలం రాసి, చదివి వినిపించి, సంతకం తీసుకోవాలి. దారిలో వీఆర్వో నాకో సలహా ఇచ్చాడు. "మతం కాడ అడగబాకండి సార్. సర్టిఫికెట్లో ఏముందో అదే రాసుకొని పోదాం." మంచివాడు. అతనికి ఆ పిల్ల ఉద్యోగం పోకూడదని ఉంది.

ఇంట్లో గోడకు లక్ష్మీదేవి క్యాలెండర్ వేలాడుతోంది. ఎరువుల కొట్టువాళ్ళు పంచేది. మేకు కింద రాలిన సున్నం పొడి ఇంకా ఊడవలేదు. సునీత తల్లి అన్నిటికీ గబగబా జవాబులు చెప్పింది. ఉగాది పచ్చడి చేసుకుంటామంది, పొంగళ్ళు పెడతామంది. నేను రాస్తూ పోయాను. దావీదు మంచం మీద తల వంచుకుని కూర్చున్నాడు. నన్ను గుర్తుపట్టాడని గడప దాటగానే నాకు తెలిసింది.

చివరి గడి మిగిలింది. దాన్ని అడక్కుండా నింపేయొచ్చు. కానీ నేను చర్చికి వెళ్తానని ఆఫీసులో ఇద్దరు ముగ్గురికి తెలుసు. మనవాళ్ళని కాపాడుకున్నాడని ఎవరైనా అంటే ఆ వేలు నా మీదికే తిరుగుతుంది. ఆ భయంతోనే, పొరుగువాళ్ళు వినేలా గట్టిగా అడిగాను, మీరు బాప్తిస్మం తీసుకున్నారా అని.

తల్లి లేదు లేదంటూ భర్త భుజం పట్టుకుంది. దావీదు తల ఎత్తాడు.

"తీసుకున్నాం సార్, ముగ్గురం. నిరుడు మా గుడికి ఒక అయ్యగారొచ్చి చెప్పారు. దీవెనలు అడిగేకాడ దేవుడి పేరు చెప్పుకొని, నష్టమొచ్చేకాడ దాచుకోగూడదంట. ఆ మాట నా మనసులో చానా లోతుకు దిగింది. నా పేరు దావీదని రాయండి."

ఒక అయ్యగారు అన్నప్పుడు ఆయన నా మొహం వైపు చూడలేదు. నన్ను బయటపెట్టడం ఇష్టంలేకే అలా అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. అయినా రాశాను. చదివి వినిపించాను. ఆయన కూడబలుక్కుంటూ దావీదు అని సంతకం చేశాడు. ఆ కింద, నా సమక్షంలో అన్న చోట, నేను సుబ్బారావు అని పెట్టాను.

సునీత తలుపు దగ్గరే నిలబడి అంతా వింది. ఇక బీసీ కింద రాసుకోవాలంటే మళ్ళీ నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందని అడిగింది. నాకు తెలియదన్నాను.

రిపోర్టు ఆర్డీవో ద్వారా జిల్లా పరిశీలన కమిటీకి వెళ్ళింది. సర్టిఫికెట్ రద్దయింది, పోస్టు జాబితాలో తర్వాతివారికి పోయింది. ఆ అమ్మాయి నరసరావుపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరింది. నా రిపోర్టులో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ ఈ విచారణ నేను చేయదగింది కాదు, వేరొకరికి అప్పగించండి అని తహసీల్దారుకు ఒక నోట్ పెట్టే వీలుంది. అది నేను పెట్టలేదు. ఎందుకని అడిగితే కారణం చెప్పాల్సి వచ్చేది.

దావీదు ఒక్క కాగితం ముక్క రాసి పైకి పంపితే నా ఉద్యోగమూ పోయేది. పంపలేదు. నేను డిప్యూటీ తహసీల్దారునై, పూలదండతో రిటైరయ్యాను. వాక్యం చెప్పడం మాత్రం ఆ ఏడాదే మానేశాను. పాస్టరుగారికి గొంతు బాగాలేదని చెప్పాను.

ఆ విచారణ జరిగిన రెండేళ్ళకు పిడుగురాళ్ళలో ఒక పెళ్ళిలో ఆయన ఎదురుపడ్డాడు. నేను తప్పుకునేలోపే దగ్గరికొచ్చి, వందనాలు అయ్యగారూ అన్నాడు. కోపం ఉంటుందేమోనని చూశాను. లేదు.

"మా గుడికి మళ్ళా రాలేదేంది? ఆ దీవెనల వాక్యం ఇంకోసారి చెప్పండయ్యగారూ. అప్పుడు మా పిల్ల నర్సింగు ట్రైనింగులో ఉండి వినలేదు."

వస్తానన్నాను. వెళ్ళలేదు. ఈ సిగ్గు ఇప్పటికీ నాతోనే ఉంది.

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒకటే. మనం జవాబు చెప్పలేని ప్రశ్న ఉన్న విచారణను చేతిలోకి తీసుకోకూడదు. తీసుకుంటే, ఎదుటివాడి జవాబు పక్కన మన జవాబు కూడా రాయాలి. నేను దావీదుది ఒక్కటే రాసి ఫైలు పంపాను.